ఎస్సెమ్మెస్ ఓటీపీనా, అథెంటికేటర్ యాపా?

పాస్‌వర్డ్‌కి తోడు ఇంకో కాపలా పెట్టుకుందామని సెట్టింగ్స్‌లోకి వెళ్తే సాధారణంగా రెండు దారులు కనిపిస్తాయి: ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీ, అథెంటికేటర్ యాప్ చూపించే కోడ్. రెండూ నాలుగంకెలో ఆరంకెలో కదా, ఏదైతేనేం అనిపిస్తుంది. తేడా చాలానే ఉంది.

ఎస్సెమ్మెస్ సులువు. ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, ఫోన్ మార్చినా సిమ్ వేస్తే చాలు. చిక్కల్లా, ఆ కోడ్ వచ్చేది మీ ఫోన్‌కి కాదు, మీ నంబరుకి. ఎవడైనా మీ పేరు చెప్పి డూప్లికేట్ సిమ్ సంపాదిస్తే మీ ఫోన్‌లో సిగ్నల్ పోతుంది, ఓటీపీలు వాడికి వెళ్తాయి. సిమ్ స్వాప్ మోసం ఇదే. పైగా లాక్ చేసిన స్క్రీన్ మీద కూడా మెసేజ్ కనబడిపోతుంది, పక్క సీట్లోవాళ్లు చదివేయొచ్చు. (నోటిఫికేషన్లలో దాన్ని దాచే ఆప్షన్ ఉంది, పెట్టుకునేవాళ్లే తక్కువ.)

యాప్ సంగతి వేరు. మొదట సైట్ చూపించే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడే ఒక రహస్య కీ ఫోన్‌లో చేరుతుంది. దానికి అప్పటి టైము కలిపి ఫోనే కోడ్ లెక్కగడుతుంది, సాధారణంగా 30 సెకన్లకోసారి మారుస్తుంది. సిగ్నల్, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఫోన్ పోతేనే టెన్షన్: బ్యాకప్ కోడ్‌లు (యాప్ అందుబాటులో లేనప్పుడు వాడుకోమని సైట్ ఇచ్చే కోడ్‌లు) ముందే కాగితం మీద రాసి దాచుకోకపోతే అకౌంట్ తెరవడానికి నానా తంటాలు పడాలి.

నకిలీ సైట్‌లో మీరే కోడ్ కొట్టేస్తే మాత్రం రెండూ కాపాడవు.

నన్నడిగితే ఈమెయిల్‌కీ ఆఫీసు అకౌంట్లకీ యాపే. ఎస్సెమ్మెస్ తప్ప ఇంకోటి ఇవ్వని చోట అదే పెట్టుకోండి, ఏదీ లేకపోవడం కన్నా నయం.