చిలికాలో నా సెయిల్‌బోటు మోటారు: రివర్సు గేరు గురించి మాత్రమే

ఈ 9.9 హార్స్‌పవర్ ఔట్‌బోర్డు, అంటే పడవ వెనక బయట తగిలించే మోటారు, ముందుకు బాగానే నడుస్తుంది. ఆ సంగతి ఇంకెవరైనా రాస్తారు. నేను దీన్ని ఇష్టపడేది రివర్సు కోసం. చిలికా సరస్సు ఒడ్డున రంభ దగ్గర తిరిగే నాటుపడవల్లో ఎక్కువగా పొడుగాటి రాడ్డు చివర ఫ్యాను ఉన్న ఇంజన్లే. వాటికి రివర్సు లేదు, వెనక్కి రావాలంటే గెడ వేసి నెట్టాల్సిందే. నా తెరచాప పడవ బరువు, పైగా తెరచాప స్తంభానికి గాలి పడుతుంది. గెడకు లొంగదు.

విశాఖలో నా స్నేహితుడి పడవకు ఇంజన్ లోపల, ఫ్యాను అడుగున. అతను రివర్సు వేయగానే పడవ వెనక భాగం ఎడమకు జరిగిపోతుంది. ముందుకు వెళ్లేటప్పుడు ఫ్యాను నీళ్లను చుక్కాని మీదికి కొడుతుంది కాబట్టి మాట వింటుంది. రివర్సులో ఆ నీళ్లు ముందువైపుకు పోతాయి. పడవ కాస్త వేగం అందుకునేదాకా చుక్కానికి పట్టు దొరకదు. నాకు ఆ బాధ లేదు. చుక్కానిని మధ్యలో తాడుతో బిగించేసి, హ్యాండిల్ పట్టుకుని మోటారునే తిప్పుతాను. ఫ్యాను ఎటు లాగితే అమరం, అంటే పడవ వెనక భాగం, అటే వస్తుంది. రెండు టూరిస్టు బోట్ల సందులోంచి అలా తిన్నగా వెనక్కి వచ్చిన ప్రతిసారీ నాకు సంబరమే. ఇది సెయిల్‌బోట్ల కోసమే చేసిన రకం. ఫ్యాను పెద్దది, రివర్సులో పొగ రెక్కల్లోకి పోకుండా దారి మళ్లించారు. మామూలు మోటార్లలో ఆ పొగ నురగలోనే రెక్కలు తిరిగి, లాగుడు తగ్గుతుంది.

ఇక కొక్కెం సంగతి. రివర్సులో ఫ్యాను వెనక్కి లాగుతుంది కాబట్టి మోటారు కాలు, అంటే నీళ్లలోకి దిగే కింది భాగం, పైకి లేవాలని చూస్తుంది. లేవనివ్వకుండా బ్రాకెట్టులో ఒక కొక్కెం ఉంటుంది, గేరు వేయగానే అడ్డపిన్నును పట్టుకుంటుంది. మే నెలలో ఒక మధ్యాహ్నం దక్షిణపు గాలి వెనకనుంచి తోస్తుంటే జెట్టీకి వస్తున్నాం. పడవకు బ్రేకంటే రివర్సే. గేరు వేసి థ్రాటిల్ ఇచ్చాను. ఎప్పుడూ వినపడే టక్కు వినపడలేదు. మోటారు ఒక్కసారిగా పైకి లేచింది, ఫ్యాను నీళ్లు వదిలి గాలిలో కీచుమంది, పడవ మాత్రం ఆగలేదు. నాతో ఉండే, సముద్రపు ఒడ్డునున్న గోపాలపురం కుర్రాడు "ఇంజన్ ఆపెయ్యండి బాబూ!" అని అరుస్తూ ముందుకు పరుగెత్తి, వెదురు గెడను జెట్టీ స్తంభానికి ఆనించాడు. గెడ విల్లులా వంగింది. సిమెంటుకు జానెడు దూరంలో ఆగాం.

విప్పి చూస్తే కొక్కెం స్ప్రింగు తుప్పుతిని విరిగి ఉంది. చిలికావి ఉప్పు కలిసిన నీళ్లు, ఇనుమును బతకనివ్వవు. కొద్దిరోజుల ముందే సర్వీసు చేసినవాళ్లు ఆయిల్ మార్చారు, ప్లగ్గు మార్చారు, బ్రాకెట్టు లోపలికి మాత్రం గ్రీజు చేర్చలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. స్ప్రింగు బరంపురంలో దొరకలేదు. విశాఖ నుంచి వచ్చేదాకా మోటారు కాలిని నైలాన్ తాడుతో కట్టాను, అదీ జెట్టీ దగ్గర మాత్రమే, లాగితే ఊడే ముడితో. లోతు తక్కువైన సరస్సులో తాడు కట్టే తిరిగితే, ఇసుక తిన్నె తగిలినప్పుడు కాలు లేవలేక విరుగుతుంది.

తిన్నగా వెనక్కి వస్తుందని పైన రాసింది గాలి తక్కువున్న పూట మాట. గాలి గట్టిగా ఉంటే పడవ ముక్కు గాలివాటుకు కొట్టుకుపోతుంది, అమరం గాలికి ఎదురు తిరుగుతుంది. అందుకని పడవ పక్కకు జారకుండా నీళ్లలోకి దించే అడుగు పలకను సగమైనా దించి, వీలైతే గాలికి ఎదురుగానే వెనక్కి తీస్తాను. అలలు లేస్తే ఫ్యాను అప్పుడప్పుడూ నీళ్ల పైకి వచ్చేస్తుంది, అప్పుడు ఎంత థ్రాటిల్ ఇచ్చినా దండగే. ఒక లాభం మాత్రం నేను ఊహించనిది. ఫ్యానుకు గడ్డి చుట్టుకున్నప్పుడు ఒక్క క్షణం రివర్సు ఇస్తే చాలాసార్లు అదే ఊడిపోతుంది, నీళ్లలోకి దిగే పని తప్పుతుంది.

మళ్లీ కొనాల్సి వస్తే నేనైతే ఇదే కొంటాను. కానీ నేను తిరిగేది రంభ వైపు, సరదాకి, చేతికింద ఒక మనిషిని పెట్టుకుని. గోపాలపురం వాళ్లు కెరటాలు దాటించి పడవను నేరుగా ఇసుక మీదికే ఎక్కిస్తారు, వాళ్లకు రివర్సుతో పనేముంది? సాతపడా అవతల, సముద్రపు మొగ దగ్గరి ప్రవాహంలో నేను దీన్ని వాడలేదు. అక్కడ తిరిగేవాళ్లు నా మాట మీద కొనకండి.