రెడ్ డెడ్ రిడెంప్షన్ 2: మనిషి కథ గొప్పది, మిషన్లే మొండివి

ముందే చెప్పేస్తున్నా. పని ముగించుకుని వచ్చి, ఓ అరగంట డబడబా కాల్చేసి పడుకుందాం అనుకునేవాళ్లకు ఈ వీడియో గేమ్ పనికిరాదు. ఆ అరగంట గుర్రమెక్కి పక్క ఊరు చేరడానికే సరిపోతుంది. నేను పీసీలో కథంతా పూర్తిచేసి, కొన్నాళ్లు ఊరుకుని, మళ్లీ మొదటి నుంచి ఆడుతున్నాను. మొదటిసారి నచ్చినవి ఇప్పుడు ఇంకా నచ్చుతున్నాయి. చిరాకు పెట్టినవి కూడా అంతే, ఇంకా ఎక్కువ పెడుతున్నాయి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది 2018 అక్టోబరులో ప్లేస్టేషన్ 4కు, ఎక్స్‌బాక్స్ వన్‌కు వచ్చింది, పీసీకి 2019 నవంబరులో. 2010లో వచ్చిన మొదటి రెడ్ డెడ్ రిడెంప్షన్‌కు ముందు జరిగే కథ కాబట్టి అది ఆడకపోయినా ఏమీ కాదు. కథాకాలం 1899. బ్లాక్‌వాటర్ ఊళ్లో దోపిడీ బెడిసికొట్టి డచ్ వాన్ డెర్ లిండే ముఠా మంచు కొండల్లోకి పారిపోతుంది. ఆ ముఠాలో డచ్‌కు కుడిభుజం ఆర్థర్ మోర్గాన్. ఎక్కువ భాగం మనం ఆడేది అతనిగానే.

మొదటి అధ్యాయం నత్తనడక. తిరుపతిలో మే నెల, ఫ్యాను వడగాలి కొడుతోంది, తెర మీదేమో ఆర్థర్ మోకాళ్లలోతు మంచులో అడుగు తీసి అడుగు వేయలేక పోతున్నాడు. నా స్నేహితుల్లో సగంమంది అక్కడే ఆపేశారు. కొండ దిగి రెండో అధ్యాయంలో పచ్చిక మైదానం కనిపించేదాకా ఓపిక పట్టండి. అసలు ఆట అక్కడే మొదలవుతుంది.

కథ బలం ఎక్కడుందో చెప్పాలంటే ఒక్క సంఘటన చాలు. (కథ ముందే తెలియకూడదనుకునేవాళ్లు ఈ పేరా వదిలేయండి.) ముఠా లెక్కలు చూసే స్ట్రాస్ పేదవాళ్లకు వడ్డీకి అప్పులిస్తుంటాడు. వసూలు చేసే పని ఆర్థర్‌ది. థామస్ డౌన్స్ అనే బక్కచిక్కిన రైతును, ఇంటి ముందే, పెళ్లాం బిడ్డ చూస్తుండగా ఆర్థర్ కొడతాడు. ఆ మనిషి దగ్గుతాడు, నెత్తురు తుంపర్లు ఆర్థర్ ముఖాన పడతాయి. అంతే, కథ ముందుకు పోతుంది, మనం మరిచిపోతాం. చాలా గంటల ఆట తర్వాత సెయింట్ డెనిస్ అనే నగరం వీధిలో ఆర్థర్ కుప్పకూలుతాడు. డాక్టరు క్షయ అంటాడు. అక్కడి నుంచి ముఖం పీక్కుపోతుంది, బట్టలు వదులవుతాయి, ఎంత తినిపించినా ఒళ్లు పట్టదు. మనం బటన్ నొక్కి కొట్టిన దెబ్బే అది. రోజువారీ వసూళ్లవాళ్లు గడప ముందు కూర్చునే ఊళ్లలో పెరిగినవాళ్లకు ఈ భాగం ఇంకాస్త గట్టిగా తగులుతుంది. నాకైతే రెండోసారి ఆడేటప్పుడు డౌన్స్ ఇంటి కంచె కనబడగానే కంట్రోలర్ పక్కన పెట్టేయాలనిపించింది. కానీ ఆ మిషన్ (కథలో మనకప్పగించే పని) చేయకుండా కథ కదలదు.

ఆర్థర్‌కు గొంతూ కదలికలూ ఇచ్చిన రోజర్ క్లార్క్‌కు ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ నటన బహుమతి వచ్చింది. అది ఊరికే రాలేదు. చావు భయం ఉన్న మనిషి దాన్ని ఎకసెక్కం కింద ఎలా దాచుకుంటాడో ఆ గొంతులో వినబడుతుంది. ఆర్థర్ దగ్గర ఒక డైరీ ఉంటుంది. చూసినవన్నీ పెన్సిల్‌తో గీసుకుంటాడు, రెండు వాక్యాలు రాసుకుంటాడు. బయటికి మొరటుగా మాట్లాడే మనిషి లోపల ఇలా ఉన్నాడా అనిపిస్తుంది. అది చదవకుండా ఆడితే కథలో సగం పోయినట్టే.

ఇక గుర్రం. దానికి మేత పెట్టాలి, ఒళ్లు తోమాలి, మెడ నిమరాలి. అలా చేస్తుంటే మచ్చిక పెరుగుతుంది, కాల్పుల మధ్యలో బెదిరి మనల్ని పడేయడం తగ్గుతుంది. మాది పాకాల దగ్గర పల్లె, ఇంట్లో రెండు జెర్సీ ఆవులు. ఓసారి మా నాయన తిరుపతి వచ్చి నా గదిలో ఉన్నప్పుడు, నేను శ్రద్ధగా గుర్రానికి బురద తోముతుంటే చూసి, "ఇంటికాడ ఆవును కడగమంటే ఎప్పుడన్నా కడిగినావా రా?" అన్నాడు. జవాబు లేదు. చివర్లో పాలు పిండే పని కూడా వస్తుందని ఆయనకు చెప్పలేదు.

ఇంత జాగ్రత్తగా లోకాన్ని కట్టినవాళ్లు మిషన్ల దగ్గరికొచ్చేసరికి మనల్ని అస్సలు నమ్మరు. నా పెద్ద ఫిర్యాదు ఇదే. బయట తిరిగేటప్పుడు ఏదైనా చేయొచ్చు. మిషన్ మొదలైందంటే పసుపు గీత మీదే నడవాలి. శత్రువులు ఇంటి ముందున్నారు కదా, వెనక నుంచి గుట్టెక్కి కాలుద్దామని నాలుగడుగులు పక్కకు వేస్తే చాలు, తోటివాళ్లను వదిలేశావంటూ మిషన్ ఫెయిల్. పైగా చాలా మిషన్ల నడక ఒకటే: గుర్రాల మీద మాట్లాడుకుంటూ పోవడం, ప్లాన్ తలకిందులవడం, మందలు మందలుగా వచ్చిపడేవాళ్లను కాల్చి పారేయడం. ఆ గుర్రం మీది మాటలు మాత్రం బంగారం. కానీ మనుషులను చంపి చంపి విసిగిపోయానని బాధపడే ఆర్థర్‌తో, అదే మిషన్‌లో ఇరవై ముప్పై మందిని చంపిస్తుంటే ఆ బాధ ఎలా నమ్మాలి?

మంచితనం మీటరు కూడా కొంత పైపై వ్యవహారమే. దారిన పోయేవాళ్లకు నమస్కారం పెడితే, పట్టిన చేపను నీళ్లలో వదిలేస్తే గౌరవం పెరుగుతుంది. ఎక్కువైతే దుకాణాల్లో ధర తగ్గుతుంది. ముగింపు ఎలా ఉంటుందన్నది కూడా దాన్ని బట్టే మారుతుంది కాబట్టి పూర్తిగా తీసిపారేయలేం.

కంట్రోల్స్ అలవాటు కావడానికి టైం పడుతుంది. గుర్రం దిగి పరిగెత్తుకుంటూ పోయాక చూస్తే పెద్ద తుపాకీ జీను మీదే ఉండిపోయి ఉంటుంది. పలకరిద్దామని బటన్ నొక్కితే, చేతిలో తుపాకీ ఉంటే దాన్నే ఎదుటివాడికి గురిపెడతాడు, వాడు పోలీసులను పిలుస్తాడు. సెయింట్ డెనిస్‌లో గుర్రాన్ని దౌడు తీయించడమంటే బ్రహ్మోత్సవాల రోజుల్లో గాంధీ రోడ్డులో బైకు నడిపినట్టే. ఎవరో ఒకరికి తగలక మానదు, తగిలితే అది నేరమే. ప్రతి సొరుగూ విడిగా తెరవడం, ప్రతి శవం జేబులూ తడమడం మొదట్లో ముచ్చటగా ఉంటుంది, తర్వాత ప్రాణం తీస్తుంది.

ఐదో అధ్యాయంలో గ్వార్మా దీవి భాగం తొందర తొందరగా చుట్టేశారు. ముగింపు తర్వాత వచ్చే ఎపిలోగ్ మాత్రం బాగా సాగదీశారని చాలామంది తిడతారు. నేను ఒప్పుకోను. కంచెలు వేయడం, పేడ ఎత్తడం, మేకులు కొట్టి ఇల్లు కట్టడం, అంత రక్తపాతం తర్వాత నాకు అవే కావాలనిపించాయి. దారిలో కలిసే చిన్న కథలూ వదలొద్దు. భర్త పోయి అడవిలో ఒంటరిగా మిగిలిన షార్లెట్ బాల్ఫోర్‌కు వేట నేర్పే కథ చాలా పెద్ద మిషన్ల కంటే నయం.

కొనేముందు చూసుకోవాల్సినవి. పీసీలో దాదాపు 150 జీబీ ఖాళీ ఉండాలి. ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) అయితే మేలు. మిషన్ మధ్యలో సేవ్ చేయడం కుదరదు, కాబట్టి ఉరుములు మెరుపులతో వాన పడే రాత్రుల్లో యూపీఎస్ లేకుండా పెద్ద మిషన్ ఎత్తుకోవద్దు. కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచే. తెలుగు సబ్‌టైటిల్స్ లేవు. యాస చిక్కగా ఉంటుంది కాబట్టి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకునే ఆడండి. పూర్తి ధర పెట్టాల్సిన పనే లేదు, సేల్‌లో బాగా తగ్గుతుంది. ఆన్‌లైన్ భాగం కోసమైతే అసలు కొనొద్దు. దానికి ఇక పెద్ద అప్‌డేట్లు ఉండవని కంపెనీ 2022లోనే చెప్పేసింది.