పిక్‌గార్డు విప్పి చూపించని గిటారు కొనవద్దు

పాత ఎలక్ట్రిక్ గిటారును తక్కువ ధరకు కొని, పికప్పులనూ (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) వైరింగునూ తమ అభిరుచికి తగ్గట్టు మార్పించుకోవాలనుకునేవారు డబ్బు చెల్లించకముందే ఇది చదవవలసిందిగా కోరుతున్నాను. నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటాను. మొన్న వేసవిలో బరంపురం వెళ్లి, ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ నమూనాలో చేసిన ఒక గిటారును 11,000 రూపాయలకు కొన్నాను. తాను మెలోడీ బృందాల్లో వాయించేవాడినని, బ్రిడ్జి (తీగలు ఆనే కింది భాగం) దగ్గరి సింగిల్ కాయిల్ పికప్పును, అంటే ఒకే తీగచుట్ట ఉన్నదాన్ని, తీయించి రెండు చుట్టలుండే మంచి హంబకర్ పెట్టించానని అమ్మినాయన చెప్పారు. ఆయన ఇంటి మాట కూడా తెలుగే కావడంతో, "మనలో మనకు మోసమేమిటి బాబూ" అన్న ఒక్క మాటకే నేను మెత్తబడ్డాను. పికప్పులనూ వైరింగునూ కప్పి ఉంచే పై పలక, అదే పిక్‌గార్డు, విప్పి చూస్తానంటే మరలు వదులైపోతాయని వారించారు. అప్పుడే లేచి వచ్చేయవలసింది.

నాకు కావలసింది ఒకే పికప్పు నుంచి రెండు రకాల ధ్వని. హంబకర్‌లో రెండు తీగచుట్టలు పక్కపక్కనే ఉండి, కరెంటు వల్ల వచ్చే రొదను ఒకదానిదొకటి కొట్టివేస్తాయి. పైకి లాగితే స్విచ్చులా పనిచేసే పాట్ (వాల్యూము, టోన్ మార్చే తిప్పుడు మీట) ఒకటి బిగించి, హంబకర్‌లో ఒక చుట్టను ఆపివేస్తే, సింగిల్ కాయిల్‌ను పోలిన పలచని, మెరుపున్న ధ్వని వస్తుంది. అయితే దీనికి సాధారణంగా పికప్పు నుంచి ఎర్తు తీగ కాక మరి నాలుగు తీగలు బయటికి రావాలి. ఇంటికి తెచ్చి విప్పి చూస్తే, రెండు చుట్టలనూ కలిపే తీగలను ఒకదానితో ఒకటి అతికించి, పికప్పు మొదట్లోనే పొట్టిగా కత్తిరించి, పైన టేపు చుట్టి ఉంది. ఏ పని కోసం కొన్నానో ఆ పనికే అది పనికిరాకుండా పోయింది. హంబకర్‌కు సాధారణంగా 500 కిలో ఓముల పాట్ వాడతారు. ఇందులో పాత 250ని అలాగే ఉంచేయడంతో ధ్వని మూతపడినట్టుంది. అది సులువుగా పోయే లోపమే.

చెక్క విషయం అలా కాదు. పికప్పు పట్టేందుకు ఉలితో తొలిచిన గుంట గోడను దాటిపోయి, వెనక ట్రెమొలో (స్వరాన్ని ఊపే మీట) స్ప్రింగుల గాడిలోకి రంధ్రం పడింది. పిక్‌గార్డు మరలు పట్టడానికి అక్కడ చెక్కే మిగలలేదు. స్ప్రింగులను పట్టి ఉంచే రేకుకు అతికి ఉండవలసిన ఎర్తు తీగ తెగి వేలాడుతోంది; వాయించే తీగలను ముట్టుకుంటే రొద తగ్గడానికి బదులు పెరగడానికి కారణం అదే. నెక్ (గిటారు మెడ) వంపును సరిచేసే ట్రస్ రాడ్ అనే లోపలి కడ్డీ నట్టు లోపలి అంచులు అరిగిపోయి, అలెన్ కీ ఊరికే తిరుగుతోంది. వానాకాలపు తేమకు నెక్ కదిలితే సరిచేసే దారి లేదు. మా వడ్రంగి చెక్క ముక్క అతికించి గుంటను సరిచేశాడు గాని, నెక్ మార్చక తప్పలేదు. మొత్తం మీద మరో 6,500 రూపాయలు ఖర్చయ్యాయి, కోరుకున్న ధ్వని మాత్రం ఇంకా రాలేదు.

ఎర్తు తీగను అతికించుకునేవారికి ఇంకొక మాట చెప్పాలి. ఆ తీగ ద్వారా మీ వేళ్లకూ ఆంప్లిఫయరుకూ నేరుగా సంబంధం ఏర్పడుతుంది. త్రీపిన్ ప్లగ్గులో ఎర్తు పిన్నును విరిచి వాడే అలవాటు మన ఇళ్లలో ఉంది కదా, ఆంప్ లోపల లోపం తలెత్తితే ఆ కరెంటు గిటారు తీగల్లోకే వస్తుంది.

అదే అమ్మకందారు ఇప్పుడు నల్లరంగు గిటారు ఒకటి "హంబకర్ పెట్టించినది, నెక్ తిన్నగా ఉంది" అంటూ మళ్లీ అమ్మకానికి పెట్టారు. చూడబోయేవారు స్క్రూడ్రైవరు, అలెన్ కీ, మల్టీమీటరు వెంట తీసుకువెళ్లండి. కేబులు తగిలించి, వాల్యూము పూర్తిగా పెంచి, ఒక్కొక్క పికప్పునే ఎంచుకుని రెసిస్టెన్సు కొలవండి. సింగిల్ కాయిల్ చాలావరకు 5 నుంచి 7 కిలో ఓముల మధ్య చూపుతుంది, హంబకర్ అంతకంటే ఎక్కువ చూపుతుంది. ఏమీ చూపకపోతే ఎక్కడో తీగ తెగినట్టే. నెక్ వంపు తెలియడానికి, వాయించే తీగ ఒకదాన్ని మొదటి ఫ్రెట్టు (నెక్ మీది అడ్డకమ్మీ) దగ్గరా పదిహేడో ఫ్రెట్టు దగ్గరా ఒకేసారి నొక్కి, ఏడో ఫ్రెట్టు దగ్గర తీగ కింద సన్నని సందు ఉందో లేదో చూడండి. ఆ తర్వాత పిక్‌గార్డు విప్పమని అడగండి.