అల ఉన్న తీరానికి ఏది మేలు: గోడా, ఇసుకా, వదిలేయడమా?

విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో కోస్టల్ బ్యాటరీ దగ్గర, కోసుకుపోతున్న ఒడ్డును నింపడానికి ఓడరేవు దగ్గర సముద్రం అడుగు నుంచి తోడిన (డ్రెడ్జింగ్) ఇసుకను పోస్తున్నప్పుడు ఒకసారి చాలాసేపు నిలబడి చూశాను. లావుపాటి గొట్టం చివర నుంచి ఇసుకా నీరూ కలిసి నల్లగా ఉరుకుతున్నాయి. నీరు సముద్రంలోకి జారిపోయాక మిగిలిన కుప్ప మీద అడుగు పెడితే పాదం చీలమండ దాకా దిగబడింది. పక్కన ఉన్న ఒక పెద్దమనిషి అన్నారు, మాటిమాటికీ ఈ తిప్పలు ఎందుకు, గట్టిగా ఒక గోడ కట్టేస్తే సరిపోతుంది కదా అని. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. గోడ కట్టిన ఊళ్లు, ఇసుక పోసిన ఊళ్లు, దేన్నీ ముట్టుకోకుండా వదిలేసిన ఊళ్లు ఏమయ్యాయో వెతికి చదివాను. బోర్డు మీద నిలబడి అలపై జారే ఆట, అంటే సర్ఫింగ్‌కు, పేరున్న తీరాల్లో ఈ తేడా స్పష్టంగా బయటపడుతుంది. అల చెడితే అక్కడ మొదటి రోజే తెలిసిపోతుంది.

సర్ఫింగ్ చేసేవాళ్లకు అల పెద్దదైతే చాలదు, వరుసగా విరగాలి. ఒడ్డుకు వస్తున్న అలకు కింద నేల తగిలి అడుగు భాగం నెమ్మదిస్తుంది, పైభాగం ముందుకు వాలి విరుగుతుంది. నేల వాలు సరిగ్గా కుదిరితే అల ఒక్కసారిగా కూలిపోదు, ఒక కొస నుంచి మరో కొసకు విప్పుకుంటూ పోతుంది. ఆ వాలును ఇచ్చేది నీటి అడుగున ఉన్న ఇసుక దిబ్బ, రాతి గుట్ట, ఏరు తెచ్చి పోసిన గులకరాళ్లు. ఒడ్డు మీద ఏం కట్టినా దాని ప్రభావం అక్కడికి చేరుతుంది. ప్రణాళికల పటాల్లో మాత్రం సముద్రం నీలం రంగు పూసిన ఖాళీ చోటు. పొరపాటు అక్కడే మొదలవుతుంది.

గోడ కట్టిన ఊరికి పోర్చుగల్‌కు చెందిన మదైరా దీవిని చూడాలి. అక్కడి ఊరు జార్దిం దు మార్, అంటే సముద్రపు తోట. కొండకూ కడలికీ మధ్య ఇరుకున ఉన్న చిన్న పల్లె. పెద్ద అలల విషయంలో ఐరోపాలోనే మేటి చోట్లలో ఒకటిగా దానికి పేరుండేది. 2000ల తొలి ఏళ్లలో ప్రాంతీయ ప్రభుత్వం అక్కడ ఒడ్డు వెంట విహార మార్గం, దానికి కాపుగా గోడ, కాంక్రీటు దిమ్మెలు తలపెట్టింది. సర్ఫర్లు వద్దని మొత్తుకున్నారు. అయినా కట్టారు. ఇప్పుడు పోటు మీద వచ్చిన అల గోడను కొట్టుకుని వెనక్కి తిరిగి, వెనక వస్తున్న అలను చెడగొడుతుంది. నీరు వెనక్కి తగ్గే పాటు సమయంలోనే పాత అల కొంత దక్కుతుంది. ఇళ్లు ఒడ్డునే ఉన్నాయి కాబట్టి వాటికి రక్షణ కావాలన్న వాదనను నేను కొట్టిపారేయను. కానీ ఇళ్లను కాపాడటానికి కావలసినంత కట్టడం వేరు, విహారానికి సముద్రంలోకి చొచ్చుకుపోయే కట్టడం వేరు. ఈ పోరాటం నుంచే 2003లో అలలను కాపాడే ‘సేవ్ ద వేవ్స్’ సంస్థ పుట్టింది.

అదే దీవిలో లుగార్ ద బైషు అనే మరో చోట ఇంకా ఘోరం జరిగింది. అక్కడ మంచి అల విరిగే చోటే పడవల రేవు కట్టారు. తుపానులు దాన్ని మళ్లీ మళ్లీ పగలగొట్టాయి. చివరకు అటు రేవు సరిగా పనిచేయలేదు, ఇటు అల కూడా మిగల్లేదు.

ఇక ఇసుక. ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్ కథ మనకు బాగా దగ్గరిది. 1960లలో ట్వీడ్ నది ముఖద్వారం దగ్గర రాతి గట్లను సముద్రంలోకి పొడిగించారు. దక్షిణం నుంచి ఉత్తరానికి నడిచే ఇసుక ఆ గట్ల దగ్గర ఆగిపోయింది. ఉత్తరాన బీచ్‌లు చిక్కిపోయాయి, 1967 తుపానులు ఉన్నదాన్ని ఊడ్చేశాయి. 1972లో కిర్రా దగ్గర మరో రాతి గట్టు వేశారు. చివరకు రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు ఒప్పందం చేసుకుని, 2001 నుంచి నదికి దక్షిణాన సముద్రంలోకి కట్టిన జెట్టీ కింద పంపులతో ఇసుకను తోడి, నది అడుగు గుండా గొట్టంలో అవతలికి పంపుతున్నాయి. ఏడాదికి సుమారు 5 లక్షల ఘనపు మీటర్లు. ఆ ఇసుకతోనే స్నాపర్ రాక్స్ నుంచి కిర్రా వైపు సుమారు 2 కిలోమీటర్ల దిబ్బ ఏర్పడింది. దాన్నే సూపర్‌బ్యాంక్ అంటారు.

ఇందులో లోపం లేదని అనను. మొదటి ఏళ్లలో ఇసుక మరీ ఎక్కువై కిర్రా దగ్గర పేరుమోసిన అల పూడిపోయింది, ఒడ్డు విపరీతంగా వెడల్పయింది. కానీ తరువాత పంపే ఇసుకను తగ్గించారు, 1996లో కత్తిరించిన కిర్రా గట్టును 2013లో మళ్లీ పొడిగించారు, అల క్రమంగా తిరిగి వచ్చింది. నా దృష్టిలో ఇసుకకున్న అసలు బలం ఇదే, తప్పు చేస్తే దిద్దుకోవచ్చు. ఇంత అనుభవం ఉన్న నగరంలోనే 2012 తరువాత సముద్రం వైపు క్రూయిజ్ ఓడల టెర్మినల్ కడదామని మేయరు పట్టుబట్టారు. అదే ఇసుక నడిచే దారిలో మరో భారీ కట్టడం అన్నమాట! ఆ ఆలోచన ఏళ్ల తరబడి నలిగింది, కట్టడం మాత్రం లేవలేదు.

వదిలేయడం గురించి క్లుప్తంగానే చెబుతాను. కాలిఫోర్నియాలో శాన్ ఒనోఫ్రే స్టేట్ బీచ్ మీదుగా టోల్ రోడ్డు వేయాలని స్థానిక రవాణా సంస్థ సంకల్పించింది. అక్కడి ట్రెజిల్స్ అల శాన్ మటేయో ఏరు తెచ్చే గులకరాళ్ల మీద విరుగుతుంది. రోడ్డు ఆ ఏటి లోయలోకి వస్తే రాళ్ల రాక మారుతుందని సర్ఫర్లు భయపడ్డారు. 2008 ఫిబ్రవరిలో వేల మంది హాజరైన విచారణ తరువాత తీర కమిషన్ 8-2 ఓట్లతో అనుమతి నిరాకరించింది. 2028 ఒలింపిక్స్ సర్ఫింగ్ పోటీలకు ఇప్పుడు ఎంపికైన చోటు అదే.

మన దగ్గరా ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికే ఎక్కువగా నడుస్తుంది. ఓడరేవు గట్ల దగ్గర ఆగిన ఇసుకను తోడి ఉత్తరాన పోయడం ట్వీడ్ నది దగ్గర చేసే పని లాంటిదే. అందుకే ఆర్కే బీచ్‌కు ఇసుకే మేలు. అయితే అక్కడి లాగే కొలిచి, ఏటా ఆపకుండా పోయాలి. ఋషికొండ దగ్గర పిల్లలు ఇప్పుడిప్పుడే బోర్డు మీద నిలబడటం నేర్చుకుంటున్నారు. అక్కడ ఇసుక మీద కొత్తగా ఏదీ కట్టకుండా వదిలేయాలి. గోడ, రోడ్డుకూ నీటికీ మధ్య అసలు జాగా మిగలని చోటే కట్టాలి, అదీ వేరే దారి లేనప్పుడే.

ఆ పెద్దమనిషి మళ్లీ కనిపిస్తే ఈ ఊళ్లన్నిటి సంగతీ చెప్పాలని ఉంది. ముందుగా లుగార్ ద బైషు సంగతి.