థోరంగ్ లా: కాళ్లు సిద్ధమే, రోజులే చాలలేదు

"ఏడు రోజుల్లో థోరంగ్ లా దాటిస్తాం" అని ఎవరైనా అంటే ఆ కుర్చీలోంచి లేచి వచ్చేయండి. మేము లేవలేదు. ఖాట్మండులోని ఒక ట్రెక్కింగ్ కార్యాలయంలో ఇద్దరికీ కలిపి 1,04,000 నేపాలీ రూపాయలు, మన లెక్కలో 65,000, కట్టి సంతోషంగా బయటికి వచ్చాము.

థోరంగ్ లా అన్నపూర్ణ పర్వతాల చుట్టూ తిరిగే దారిలో 5,416 మీటర్ల ఎత్తున ఉన్న కనుమ. ఇటు మనాంగ్, అటు ముక్తినాథ్. మనవాళ్లు జీపుల్లో వెళ్లి దర్శించుకునే ముక్తినాథుడి దగ్గరికి కొండ అవతలి నుంచి నడిచి దిగాలని నాకు పదేళ్లుగా కోరిక. తోడు మా బావమరిది. నాకు 46, అతనికి 28.

నాలుగు నెలల ముందు నుంచే సిద్ధమయ్యాము. వీపున ఎనిమిది కిలోల సంచితో తొమ్మిది అంతస్తుల మెట్లు, రోజుకు ఎనిమిదిసార్లు. దిగేటప్పుడు లిఫ్టు ఎక్కేవాళ్లం కాదు, ఎందుకంటే మోకాళ్లను తినేది దిగుడే. బూట్లు రెండు నెలల ముందే కొని, రోజూ వేసుకుని మెత్తబరిచాము. ఇవన్నీ పనికొచ్చాయి, ఒక్క బొబ్బ రాలేదు. కానీ మెట్లు ఎక్కిన కాళ్లకు ఎత్తు సంగతి తెలియదు. 5,400 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు సగమే. దానికి ఒళ్లు అలవాటుపడేది వ్యాయామంతో కాదు, రోజులతో. సరిగ్గా ఆ రోజులనే మాకు ప్యాకేజీ అమ్మినవాళ్లు కోసేశారు.

వాళ్ల పథకం ప్రకారం 760 మీటర్ల బేసిసహర్‌లో జీపెక్కి అదే రోజు రాత్రికి 3,540 మీటర్ల మనాంగ్ చేరాలి. మర్నాడు 4,050 మీటర్ల యాక్ ఖర్కా, ఆ మర్నాడు కనుమకు ముందు చివరి మజిలీ, 4,880 మీటర్ల హై క్యాంపు. విశ్రాంతికంటూ ఒక్క రోజూ లేదు. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది కొండలెక్కేవారందరికీ తెలిసిన నియమం. ఆ కాగితం మీద సంతకం చేసేటప్పుడు నేను ఎత్తులు కూడి చూసుకోలేదు.

దారిలో ధారాపాని తనిఖీ కేంద్రంలో మరో సంగతి బయటపడింది. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలోకి వెళ్లడానికి మన దేశం కూడా ఉన్న సార్క్ కూటమివారికి పర్మిట్ రుసుము 1,000 నేపాలీ రూపాయలు, మిగతా విదేశీయులకు 3,000. మా పర్మిట్ మీద 1,000 అని ఉంది. మా దగ్గర తీసుకున్నది మనిషికి 3,000.

మనాంగ్‌లో దిగేసరికి సంచిలోని బిస్కెట్ ప్యాకెట్లు బెలూన్లలా ఉబ్బి ఉన్నాయి. మా బావమరిది పప్పూ అన్నం పళ్లెం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని పక్కకు జరిపాడు. అన్నం వదిలేసే మనిషి కాదు. "తల పగిలిపోతోంది బావా" అని గోడకు ఆనుకున్నాడు. రాత్రి రెండుసార్లు వాంతి. తెల్లవారి ఏడింటికి గైడు తలుపు కొట్టి "పైకి వెళ్లాలి, పథకం మారదు" అన్నాడు. ఖాట్మండుకు ఫోను చేస్తే కార్యాలయంవాళ్లు, ఆగే ప్రతి రోజుకూ గైడుకు, కూలీకి కలిపి 4,800 అదనమన్నారు. పక్కన మనిషి తల పట్టుకుని కూర్చుంటే ఇచ్చిన జవాబు ఇది! "నా వల్లే ఆలస్యం" అని అతను మథనపడుతుంటే నాకు ఇంకా కోపం వచ్చింది. డబ్బు కడతానని చెప్పి ఆపేశాను.

మనాంగ్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వైద్య కేంద్రం ఉంది. సీజనులో అక్కడి వైద్యులు ఎత్తు జబ్బు గురించి ఉచితంగా చెబుతారు. ఈ ప్రయాణం మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన గంట అది. తలనొప్పి ఉండగా పైకి వెళ్లవద్దు. ముదిరితే రాత్రయినా సరే కిందికి దిగాలి. తిన్నగా నడవలేకపోవడం, కూర్చున్నా ఆయాసపడటం ప్రాణం మీదికి వచ్చే గుర్తులు. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వాడదలచుకుంటే ఇంటి దగ్గరే మీ వైద్యుణ్ణి అడగండి, సల్ఫా మందులు పడకపోతే తప్పకుండా చెప్పండి. ఆ మాత్రకు వేళ్లు చురచురలాడతాయి, మూత్రం ఎక్కువవుతుంది, కంగారుపడవద్దు.

రెండు రోజులు ఆగాము. రెండో రోజు సాయంత్రానికి అతను మళ్లీ అన్నం అడిగి వేయించుకున్నాడు.

రోజులు మిగుల్చుకోవడానికి ఇంకో కారణం వాతావరణం. 2014 అక్టోబరు 12న విశాఖను ఊడ్చేసిన హుద్‌హుద్ గుర్తుందా? దాని శేషమే రెండు రోజుల తర్వాత ఈ కొండల మీద మంచు తుపానై కురిసింది. అన్నపూర్ణ, ధౌలగిరి పర్వతాల పరిసరాల్లో కనీసం 43 మంది చనిపోయారు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉంటే మనాంగ్‌లోనే ఆగండి. తిరుగు టికెట్ తేదీ మిమ్మల్ని నెట్టకూడదు.

సామాను విషయం. స్లీపింగ్ బ్యాగు రోజుకు 120, ఈకల కోటు రోజుకు 100 చొప్పున ఖాట్మండులోని థమేల్ బజారులో అద్దెకు తీసుకున్నాము. బ్యాగు బాగుంది. కోటు జిప్పు మాత్రం పళ్లు ఊడి కనుమ రోజున సగంలో ఆగిపోయింది, పిన్నీసులతో బిగించాము. అద్దెకిచ్చే చోటే జిప్పు పదిసార్లు లాగి చూడండి. సంచిలోంచి నీళ్లు పీల్చే గొట్టం గడ్డకడుతుంది కనుక సీసా నయం. నోట్లు ఖాట్మండులోనే మార్చుకుని వెళ్లండి.

హై క్యాంపు మానేసి 4,450 మీటర్ల థోరంగ్ ఫేదిలో పడుకుని, తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాము. పొద్దెక్కితే కనుమ మీద గాలి నిలవనివ్వదు. తొమ్మిదిన్నరకు పైన రంగు జెండాల దగ్గర ఉన్నాము. అక్కడి నుంచి పదహారు వందల మీటర్ల దిగుడు. గోళ్లు ముందే కత్తిరించుకోండి, లేదంటే నల్లబడతాయి.

ముక్తినాథ్‌లో మా బావమరిది నూట ఎనిమిది ధారల కిందా ఒక్కటీ వదలకుండా తడిశాడు.

ఖాట్మండులో మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాము. పర్మిట్ తేడా 4,000 బల్ల మీద పెట్టాకే లేచాము. ఆగిన రెండు రోజులకు తీసుకున్న 9,600 ఇవ్వలేదు.