యోకో: సముద్రమా, సూర్యుడా?

జపాన్‌లో యోకో అనే అమ్మాయి పేరు చెవికి ఒక్కటే, కాగితం మీద మాత్రం చాలా రూపాలు, ఎందుకంటే అక్కడి కాంజీ అక్షరాలకు శబ్దంతోపాటు అర్థం కూడా ఉంటుంది. రెండు రూపాలు బాగా కనిపిస్తాయి. రెండింటి చివరా ఉండే 'కొ' అంటే బిడ్డ. ఒకప్పుడు ఎక్కువగా రాచకుటుంబాల, పెద్దింటి ఆడవాళ్ల పేర్లలో ఉండేది, మేజీ చక్రవర్తి కాలం (1868–1912) నుంచి అందరి ఇళ్లలోకీ వచ్చింది. (మనం 'కో' అని సాగదీస్తాం కానీ వాళ్లు పలికేది హ్రస్వమే.)

మొదటి రూపంలో 'యో' అంటే మహాసముద్రం. అక్షరానికి ఎడమవైపు మూడు నీటి గీతలు, కుడివైపు గొర్రె గుర్తు. గొర్రె అక్కడ ఉన్నది శబ్దం కోసమే, అర్థంతో పనిలేదు. విదేశీ బట్టలకు వాడే 'యోఫుకు' మాటలోనూ ఇదే అక్షరం, అందుకే కాస్త పాశ్చాత్య వాసన కూడా తగులుతుంది. 1933లో టోక్యోలో పుట్టిన కళాకారిణి యోకో ఓనో పుట్టుపేరు ఇలాగే రాస్తారు.

రెండోది సూర్యకాంతి. చీకటి-వెలుగు లాంటి జంటల గురించి చైనా వాళ్లు చెప్పే యిన్-యాంగ్‌లోని యాంగ్ (వెలుగు వైపు) ఇదే. 12 గీతలు, మొదటిదానికి 9 చాలు.

చిక్కు ఒకటుంది. సముద్రం రూపాన్ని హిరోకో అనీ, సూర్యుడి రూపాన్ని హరుకో అనీ కూడా చదవొచ్చు. కుటుంబ రిజిస్టర్‌లో ఉచ్చారణ కూడా నమోదు చేయడం 2025 మే 26 నుంచే మొదలైంది. నన్నడిగితే సముద్రానికే నా ఓటు: రాయడం తేలిక, అర్థం విశాలం.