సూత్రం వేసేయడమా, ముందు ప్రశ్నను పరీక్షించడమా?

అమీర్‌పేటలో కోచింగ్‌కి వెళ్తున్న మా తమ్ముడు మొన్న తెచ్చిన లెక్క: దీర్ఘచతురస్రం కర్ణం 10, వైశాల్యం 60, చుట్టుకొలత ఎంత?

సూత్రం వేస్తే: అర నిమిషం. (పొడవు + వెడల్పు)² = కర్ణం² + 2 × వైశాల్యం = 100 + 120 = 220, జవాబు 2√220, ఆప్షన్లలో కూడా ఉంది.

పరీక్షిస్తే: ఇంకొన్ని సెకన్లు. (పొడవు − వెడల్పు)² = కర్ణం² − 2 × వైశాల్యం = 100 − 120 = −20. వర్గం రుణ సంఖ్య ఎలా అవుతుంది? అంటే అలాంటి దీర్ఘచతురస్రమే లేదు! కర్ణం 10 అయితే వైశాల్యం 50 దాటదు, 50 రావాలన్నా అది చతురస్రం కావాల్సిందే.

రిస్క్: మొదటి పద్ధతిలో తప్పు ప్రశ్న దొరకదు, రెండోదాంట్లో టైం పోతుంది.

తెలంగాణ ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి హాల్లో సూత్రం వేసి ముందుకెళ్లండి. ఇంట్లో ప్రాక్టీస్‌కీ, ప్రాథమిక కీ (పరీక్ష తర్వాత ముందుగా ఇచ్చే జవాబుల జాబితా) మీద అభ్యంతరం పెట్టడానికీ మాత్రం రెండోదే.